తుప్పుదొర

పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు డొల్ల ఒకటి కొనితెచ్చి, ఆరేళ్లుగా దాని తుప్పుతో కుస్తీ పడుతున్నాడని వీధిలో అందరూ ఆయన్ని తుప్పుదొర అంటారు. గోళ్ల సందుల్లో మడ్డి, నుదుటి మీద వెల్డింగు అద్దాలు, పలకరించినవాళ్ల మీద కస్సుమనే నోరు. భార్య టీ తెచ్చినా తలెత్తడు, "అక్కడ పెట్టు" అంటాడు. పాతికేళ్లుగా వెల్డింగు పనే చేస్తున్న బావమరిది ఒకసారి ఉండబట్టలేక, "బావా, ఇది టాపు లేని బండి. తలుపుల కింద రేకు కోసేముందు అడ్డంగా కడ్డీలు అతికించు, లేకపోతే నడుం వంగిపోతుంది" అన్నాడు. "గేట్లు అతికించుకునేవాడివి, నువ్వా నాకు చెప్పేది?" అని షెడ్డులోంచి గెంటేశాడు.

కడ్డీల్లేకుండానే కోశాడు. నడుం వంగింది. ఇప్పుడు తలుపు గట్టిగా లాగి పట్టుకుంటే మూసుకుంటుంది, వదిలితే ఎగిరి తెరుచుకుంటుంది. వారం రోజులు ఆ తలుపునే తిడుతూ ఆకురాయితో అరగదీశాడు. నిన్న బావమరిది గొంతు వినపడగానే సీట్లు లేని కారులోకి దూరి, ఉత్త రేకు మీద చతికిలబడి, తలుపు లాగి పట్టుకున్నాడు.

"ఏం, చూసి నవ్విపోదామని వచ్చావా?"

బావమరిది కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, అక్క ఇచ్చిన టీ అక్కడే నిలబడి తీరిగ్గా తాగాడు.

"తలుపు భలే కుదిరింది బావా," అన్నాడు. "ఏదీ, చెయ్యి తియ్యి."