మంచును తూచే వర్లీన్

వర్లీన్ రాస్ముసెన్ ఏం పని చేస్తుందని అడిగితే ఊళ్లో ఎవరైనా "మంచు తూస్తుంది" అంటారు. వేళాకోళం కాదు, నిజంగానే తూస్తుంది. ముప్పై రెండేళ్లుగా యూటా రాష్ట్ర ప్రభుత్వం ఆమెకు జీతమిస్తోంది అందుకే. చలికాలమంతా నెలకోసారి స్కీలు కట్టుకుని కొండెక్కుతుంది. పొడవాటి అల్యూమినియం గొట్టాన్ని నేల తగిలేదాకా మంచులో దించి, లోపల ఇరుక్కున్న మంచుతో సహా పైకి లాగి, స్ప్రింగు త్రాసుకు తగిలిస్తుంది. ఆ మంచు కరిగితే ఎన్ని అంగుళాల నీరవుతుందో త్రాసు చెబుతుంది. దాన్నిబట్టి సాల్ట్ లేక్ నగరంలోని వరద ఆఫీసు వాళ్లు వసంతంలో ఏ ఏరు ఎంత పొంగుతుందో అంచనా కడతారు. అరవై దాటాయి, మోకాళ్లు సతాయిస్తున్నాయి, అయినా పని మానమంటే ఆమెకు ఎక్కడలేని కోపం. కొండమీద ఉన్నంత హాయి ఇంట్లో లేదంటుంది, అదీ మొగుడి ఎదుటే. ఆయన నవ్వి ఊరుకుంటాడు.

ఆ ఏడు ఏప్రిల్లో పేచీ వచ్చింది. కొండమీద ఒక తూకం యంత్రం ఉంది. నేలమీద పరుపులా పడుకుని, తనమీద పడ్డ మంచు బరువెంతో తనే కబురు పంపుతుంది. అది ముప్పై అంగుళాల నీరంది. వర్లీన్ గొట్టం నలభై మూడంది. మంచు నడుమ మందంగా గడ్డకట్టిన పొర పైబరువునంతా పక్కలకు మోసేస్తోందని, యంత్రం మీద పడాల్సింది పడటం లేదని ఆమె రాసి పంపింది. వరద ఆఫీసు ఆమె మాటే నమ్మి, ఊరి ఎగువనున్న రిజర్వాయరును ఇప్పుడే సగానికి దించమని ఉత్తరం రాసింది.

అయితే రిజర్వాయరు ప్రభుత్వానిది కాదు. కాలువ కింది రైతులంతా కలిసి పెట్టుకున్న కంపెనీది. తూము తాళంచెవి కంపెనీ ప్రెసిడెంటు దగ్గరుంటుంది. ఆ ప్రెసిడెంటు ఎవరో కాదు, వర్లీన్ అన్న డిలాయ్. నాలుగేళ్ల కరువులో సగం చెర్రీ చెట్లు నరికి పొయ్యిలో పెట్టుకున్నవాడు. తూము తెరవకపోతే మే నెలలో ఏరు గట్టు దాటుతుంది, ముందు మునిగేది ఒడ్డునున్న ఆయన తోటే. ముప్పై ఒక్కేళ్ల కిందట ఒకసారి మునిగింది కూడా. వాళ్ల నాన్న కట్టిన పళ్ల షెడ్డు అప్పుడే కొట్టుకుపోయింది.

"ఏమ్మా గవర్నమెంటు!" అన్నాడు డిలాయ్ చెల్లెలి వంటింట్లోకి వస్తూనే. "నాలుగేళ్లకు నిండింది. నా చేత్తో నన్నే ఒలకబొయ్యమంటావా? ఆగస్టులో చెట్లకేం పొయ్యను, మీ ఉత్తరాలు పిండి పొయ్యనా?"

"పైనున్నది దిగితే అలాంటివి రెండు నిండుతాయి, లాయ్."

"యంత్రం ముప్పై అంటోందిగా!"

"యంత్రానికి కళ్లున్నాయా?"

"నీకున్నాయిలే, సీసా అడుగంత మందపు కళ్లద్దాలతో సహా."

వర్లీన్‌కు ఒళ్లు మండింది. "రేప్పొద్దున నాతో రా. గొట్టం నువ్వే దించుదువు గాని."

మర్నాడు కొండమీద డిలాయ్ రొప్పుతూ రోజుతూ గొట్టం దించాడు. ఆరడుగులు పోయి టక్కున ఆగింది.

"ఇదిగో, నేల!"

"కొస చూడు. మట్టేదీ?"

కొసన మంచు తప్ప మరేమీ లేదు. నేల తగిలిందనడానికి గొట్టం కొసలో బిళ్లంత మట్టి రావాలి. అది కంటబడనిదే వర్లీన్ త్రాసు బయటికి తియ్యదు.

"మళ్లీ దించు. ఇద్దరం వేలాడదాం."

పిడి పట్టుకుని ఇద్దరూ మెలితిప్పారు. లోపలెక్కడో పెళ్లుమంది. గొట్టం ఇంకో నాలుగడుగులు సర్రున దిగింది. ఈసారి నల్లమట్టి వచ్చింది. త్రాసు నలభై మూడు చూపింది.

వర్లీన్ అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. పంతం నెగ్గింది కదా. కానీ ఊరుకోలేకపోయింది.

"లాయ్, నాన్న షెడ్డు కొట్టుకుపోయిన ఏడు ఇక్కడ తూచింది నేనే. కొత్తగా చేరాను. చలికి వేళ్లు కొంకర్లు పోయాయి. చివరి నాలుగు చోట్లా కొస చూడకుండానే రాసేశాను. ఇలాంటి పొరే తగిలింది, నేలనుకున్నాను."

"అంత వరద వస్తుందని ఎవరికీ తెలియలేదన్నారే?"

"నా మూలంగానే తెలియలేదు. వరద తగ్గాక పుస్తకం తీసి చూస్తే నాలుగు చోట్లా ఒకటే లోతు. నేలైతే అలా ఉండదు. నాన్న మొహం చూసి చెప్పలేకపోయాను. ఆ తర్వాత నీకూ చెప్పలేకపోయాను."

డిలాయ్ గొట్టం భుజానేసుకుని ఆమెకన్నా ముందే కొండ దిగాడు. ట్రక్కులో ఆమె వేడి కోకో పోసిచ్చినా అందుకోలేదు. అన్నా దూరమయ్యాడు, తూమూ తెరుచుకోదు అనుకుంది వర్లీన్. నోరెందుకు జారానా అని తనను తానే తిట్టుకుంది. అయినా గుండెలమీది బరువు దిగినట్టే ఉంది, అదేం విడ్డూరమో.

ట్రక్కు ఇంటి మలుపు దాటి ముందుకు పోయింది. డిలాయ్ తిన్నగా ఆనకట్ట మీదికి పోనిచ్చి, తాళం తీసి, తూము చక్రం పట్టుకున్నాడు. అది బిగుసుకుపోయి ఉంది.

"చూస్తూ నిలబడ్డావేం? నువ్వూ పట్టు!"

మే మూడో ఆదివారం చర్చిలో బిషప్పు పది నిమిషాల్లో ప్రార్థన ముగించి, "ఇంటికెళ్లి బూట్లు మార్చుకురండి" అన్నాడు. ప్రార్థనకు వచ్చినవాళ్లంతా పారలు పట్టుకుని ఏటిగట్టుకు వచ్చి, సాయంత్రందాకా ఇసుక బస్తాలు నింపారు. ఏరు గట్టుకు జానెడు కిందగా మూడు రోజులు పారి తగ్గింది. డిలాయ్ తోటలో చుక్క నీరు చేరలేదు. రిజర్వాయరు మళ్లీ అంచుదాకా నిండింది.

నాలుగో రోజు గట్టుమీదే భోజనాలు. చీజు వేసి కాల్చిన ఆలుగడ్డలు తింటూ బ్రదర్ థేన్ అడిగాడు. ఏప్రిల్లో తూము తెరిచినందుకు కంపెనీ మీటింగులో డిలాయ్‌ని కడిగి ఆరేసింది ఈయనే.

"అవునుగానీ బ్రదర్, యంత్రం అలా అంటుంటే మీ చెల్లెలి మాట ఎలా నమ్మావయ్యా?"

వర్లీన్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఇన్నేళ్లలో నువ్వెప్పుడైనా 'నాదే తప్పు' అని ఒప్పుకున్నావా, థేన్?"

"నేనా? నేనేం తప్పు చేశానని?"

"యంత్రమూ అంతే. ఒప్పుకున్నది ఇదొక్కతే" అన్నాడు డిలాయ్, తన పళ్లెంలోని కరకరలాడే అంచు తుంచి చెల్లెలి పళ్లెంలో వేస్తూ.