నాకంటే రెండేళ్ళు పెద్దదైన కాగితం

చరిత్రలో ఎమ్మే పాసై వాల్తేరు నుంచి యానాం తిరిగొచ్చిన వారంలోనే నాకు అర్థమైంది, నేను చదివింది మా వాళ్ళ దృష్టిలో చదువే కాదని. డాక్టరీ చదివినవాణ్ణి మందు అడుగుతారు. లా చదివినవాణ్ణి పొలం తగాదా గురించి అడుగుతారు. నన్ను ఏమడగాలో ఎవరికీ తోచలేదు. నాన్న బట్టల కొట్లో ఆయన పక్కన కూర్చుంటే, వచ్చినవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న, చచ్చిపోయిన రాజుల సంగతులు చదివి అబ్బాయి ఏం చేస్తాడండీ అని. అదైనా నన్నడగరు, నాన్ననడుగుతారు. నాన్న నవ్వేసి ఇంకో చీర మడత విప్పేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఏం చేస్తానో నాకు బాగా తెలుసు. ప్రభుత్వ కాలేజీలో చరిత్ర చెబుతాను. చదివిన రెండేళ్ళూ ఇంకో ఉద్యోగం ఊహించలేదు. హాస్టల్లో ఆర్థికశాస్త్రం వాళ్ళు బ్యాంకులకీ, రాజనీతి వాళ్ళు గుమాస్తా కొలువులకీ దరఖాస్తులు పెట్టుకుంటుంటే చిన్నచూపు చూశాను. మా ప్రొఫెసరు గారి మాటలు అంతగా తలకెక్కాయి నాకు. చరిత్రకారుడు నమ్మాల్సింది చెవిని కాదు, కాగితాన్ని అనేవారాయన. ఆ మాట పట్టుకుని పరీక్షలో పది పేజీలు రాశాను, ముసలివాళ్ళ జ్ఞాపకాలు సాక్ష్యం కిందికి రావు, రిజిస్టరే సాక్ష్యమని. మంచి మార్కులు వేశారు.

అనుకున్నట్టే ప్రకటన పడింది. చరిత్ర ట్యూటరు ఉద్యోగం, ఒక్కటే ఖాళీ. వయసు ఇరవై అయిదు దాటకూడదు. నాకు ఇరవై నాలుగు, నా బడి సర్టిఫికెట్టు పుస్తకంలోనూ అంతే ఉంది. అయితే యానాంలో పుట్టినవాళ్ళకి బడి పుస్తకం చాలదట, మేరీ నుంచి పుట్టుక పత్రం నకలు జతచేయాలట. మేరీ అంటే ఫ్రెంచివాళ్ళు పెట్టిన పురపాలక కచేరీ. వాళ్ళ హయాంలో మా ఊళ్ళో ఏ బిడ్డ పుట్టినా వెంటనే అక్కడికెళ్ళి రాయించాలి. వాళ్ళు వెళ్ళిపోయి రెండేళ్ళయినా ఆ రిజిస్టర్లు ఆ బీరువాలోనే ఉన్నాయి, వాటి ముందు వాళ్ళ నాటి గుమాస్తా కూడా అలాగే ఉన్నాడు.

ఆయన నాన్న పేరు, అమ్మ పేరు, నా పేరు చూసి నకలు రాసిచ్చాడు. సంవత్సరం తప్పు రాశారన్నాను. ఆయన నొచ్చుకోలేదు. రిజిస్టరు నా వైపు తిప్పి, ఫ్రెంచిలో అక్షరాలతో రాసిన సంవత్సరాన్ని వేలు పెట్టి చదివి వినిపించాడు. ఆ లెక్కన నాకు ఇరవై ఆరు. నేను పుట్టిన ఏడాది రిజిస్టరు కూడా తీయించి మొదటి నుంచి చివరిదాకా వెతికించాను. అందులో నేను లేను.

మధ్యాహ్నం భోజనానికొచ్చిన నాన్నని అడిగాను. ఆయన పెరుగన్నం కలుపుకుంటూ చెప్పాడు, ఎప్పుడో అమ్ముడైపోయిన బట్ట తాను గురించి చెప్పినట్టు. నాకన్నా ముందు ఒక బిడ్డ పుట్టాడు. తాతగారి పేరు పెట్టి మేరీలో రాయించారు. పది నెలల పిల్లాణ్ణి ఎత్తుకుని అమ్మ గోదావరి అవతల మా మేనత్త ఊరికి వెళ్ళింది. కొట్టు వదలలేక నాన్న వెళ్ళలేదు. అక్కడ పిల్లాడికి జ్వరమొచ్చి రెండు రోజుల్లో పోయాడు. అప్పట్లో అది ఇంగ్లీషువాళ్ళ ఏలుబడి, అక్కడే పూడ్చిపెట్టారు. యానాంలో ఆ సంగతి ఎవరూ రాయించలేదు. ఏడాది దాటాక నేను పుట్టాను. తాతగారి పేరు మళ్ళీ నాకు పెట్టారు. నన్ను రాయించడానికని బయల్దేరిన నాన్న సగం దారిలో వెనక్కి తిరిగొచ్చేశాడు.

"పేరు అదే, ఇల్లు అదే, కాయితం బీరువాలో ఉండనే ఉంది. ఇంకోటి ఎందుకురా?" అన్నాడు. కొత్త బిడ్డని రాయిస్తే పాత బిడ్డ ఏడీ అని అడుగుతారని, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని నిలదీస్తారని ఆయన భయం.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. గజం బట్ట చింపేముందు రెండుసార్లు కొలిచే మనిషివి, కొడుకు విషయంలో ఒక్కసారి కూడా కొలవలేకపోయావా అన్నాను. అంతకన్నా పెద్ద మాటలే అన్నాను, అవి ఇక్కడ రాయను. నాన్న విస్తరి మడిచి లేచిపోయాడు.

మర్నాడు బస్సెక్కి కాకినాడ వెళ్ళి, దరఖాస్తులు చూసే అధికారికి అంతా చెప్పుకున్నాను. ఆయన ఓపికగా విన్నాడు. విన్నాక కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మీరు చరిత్ర ఎమ్మే కదండీ. మీరే చెప్పండి, రిజిస్టరుని నమ్మమంటారా, ఇంట్లోవాళ్ళ మాటని నమ్మమంటారా?"

ఆయన స్థానంలో నేనున్నా అదే అడిగేవాణ్ణి, నా కోపమంతా అదే. వెటకారానికి అడగలేదాయన, దారి కూడా చెప్పాడు. యానాం కోర్టులో అర్జీ పెట్టుకుని, మొదటి బిడ్డ పోయాడని చూసినవాళ్ళ చేత సాక్ష్యం చెప్పిస్తే రిజిస్టరు సరిచేస్తారు. నెలరోజులు గడువుంది. మేనత్త ఎప్పుడో పోయింది. చూసినవాళ్ళలో మిగిలింది అమ్మ ఒక్కతే.

అమ్మ పెరట్లో చింతపండు గింజలు తీస్తోంది. రెండు మాటలు చెప్పి వేలిముద్ర వేస్తే చాలన్నాను. వినపడనట్టు గింజలు తీస్తూనే ఉంది. మర్నాడు మళ్ళీ అడిగాను. మూడోరోజు నాన్న చేత చెప్పించాను. ఆయన చెప్పినప్పుడు లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళలో నా దగ్గర ఆ బిడ్డ ఊసే ఎత్తని మనిషి ఇప్పుడు ఎత్తమంటే ఇంత బెట్టు చేయడమేమిటో నాకు అర్థం కాలేదు. గడువు సగం గడిచిపోయాక ఇక ఆగలేక వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడి గొంతు పెంచాను. అబద్ధం చెప్పమనడం లేదు కదా, జరిగింది చెప్పడానికి నోరెందుకు రాదన్నాను.

"ఆ కాయితంలోనన్నా ఉన్నాడ్రా ఆడు," అంది అమ్మ. "అక్కణ్ణుంచి కూడా నాచేత తీయించకు."

నాకు జాలేసిందని రాస్తే బాగుంటుంది. వేయలేదు. ఆరేళ్ళు కళ్ళు పోయేలా చదివింది నేను, కాలేజీ గుమ్మం దాకా వెళ్ళి తిరిగొస్తున్నది నేను. పది నెలలు బతికినవాడికి చోటుంది, నాకు లేదు.

"మరి నేనో? నేనెక్కడున్నానే?" అని అరిచాను.

అమ్మ నా వంక వింతగా చూసింది. "నువ్వు ఎదురుగా ఉన్నావు గదరా. నీకు కాయితం దేనికి?"

అర్జీ పెట్టలేదు. నాన్న మేరీ దారిలో వెనక్కి తిరిగినట్టే నేనూ కోర్టు మెట్ల దాకా వెళ్ళి వెనక్కొచ్చాను, రోడ్డు మీద నన్ను నేనే తిట్టుకుంటూ. ఆ ఉద్యోగం ఎవరికో వచ్చింది. వాడి మొహం నేను చూడలేదు గానీ చాలాకాలం వాణ్ణి తిట్టుకున్నాను.

మరుసటి ఏడు ఒక హైస్కూల్లో సోషలు మాస్టారుగా చేరాను. అక్కడ వయసు పట్టింపు అంత లేదు. చేరినరోజు అక్కడి గుమాస్తా సర్వీసు పుస్తకం ముందు పెట్టి, బడి పుస్తకం, మేరీ నకలు రెండూ చూసి, ఏ తేదీ వేసుకుంటారు మాస్టారూ అనడిగాడు. నాది వేస్తే, రిటైరయ్యేలోపు ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక కచేరీ అమ్మని సాక్ష్యానికి పిలుస్తుంది. కలం తీసుకుని మా అన్నయ్య తేదీ వేశాను. అన్నయ్య అని వాణ్ణి అనుకోవడం కూడా అదే మొదలు. ప్రేమతో వేయలేదు, కసిగా వేశాను. రెండేళ్ళ సర్వీసు ఆ గీతతో పోయింది.

ఇంటికొచ్చాక ఆ సంగతి అమ్మకి చెప్పలేదు. చెబితే సంతోషిస్తుందని నా భయం.