మసీదు దగ్గర ఆగే పాట

ప్రొద్దుటూరులో గుల్షన్ బ్యాండంటే మున్వర్, మున్వర్ అంటే క్లారినెట్టు. మనిషి బక్కపలచన, ఊది ఊది బుగ్గలు మాత్రం వేలాడుతుంటాయి. సినిమా పాటలు ఏ బ్యాండువాళ్లయినా వాయిస్తారు. గుల్షన్‌వాళ్లకు సొంత పాట ఒకటి ఉండేది. దానికి పేరు లేదు, అందరూ పెద్దపాట అనేవారు. పెళ్లికొడుకు విడిది దగ్గర గుర్రమెక్కితే మొదలై మండపం మెట్ల దగ్గర ముగిసేది. నడుమ తాళం ఎన్నిసార్లు మారేదో లెక్కలేదు. ఒక మలుపులో ఏడిపించేవాడు, ఇంకో మలుపులో ముసలివాళ్ల చేత కూడా చిందులు వేయించేవాడు. "ఇంత పొడుగు పాటేందప్పా" అని విసుక్కున్నవాళ్లు కూడా చివరిదాకా వెంట నడిచేవారు. నేనూ నడిచాను.

ఊరేగింపు మా వీధి మసీదు గోడ దగ్గరికి రాగానే మేళం ఆపడం మర్యాద. అందరూ ఆపుతారు, గోడ దాటాక ఇంకో పాట ఎత్తుకుంటారు. మున్వర్ అలా కాదు. స్వరాన్ని సగంలో వదిలేసేవాడు. పెద్ద డ్రమ్ము వాయించే నాగేంద్ర కట్టెను పైకెత్తి అలాగే పట్టుకునేవాడు. గుర్రం డెక్కల చప్పుడు, పట్టుచీరల గరగర, అంతే వినిపించేవి. గోడ దాటగానే నాగేంద్ర ఒక్క దెబ్బ వేసేవాడు. వదిలిన స్వరం వదిలినచోటే మళ్లీ లేచేది. అబ్బ, ఒళ్లు జలదరించేది! రానురాను ఆ మౌనం పాటలో కలిసిపోయింది. జమ్మలమడుగులో, పులివెందులలో, దారిలో మసీదే లేని పెళ్లిళ్లలో కూడా పాట అక్కడికి రాగానే ఆగేవారు. ఎందుకని అడిగితే "పాటే అంత" అనేవాడు మున్వర్.

తర్వాత డీజే బండ్లు వచ్చాయి. ఒకటి ఇంటి ముందు నుంచి పోతే గూట్లో మా గాజు గ్లాసులు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. అదొక పాటట! గుల్షన్‌ను పిలిచేవాళ్లు తగ్గిపోయారు, వాళ్ల ఎర్రకోట్లు పెట్టెల్లోకి వెళ్లాయి. అప్పుడు మున్వర్ అక్క కొడుకు ఉమైర్ వచ్చాడు. కీబోర్డు వాయిస్తాడు, కంప్యూటర్లో పాటలు కలుపుతాడు.

"మామూ, పెద్దపాటను కొత్త బీటుతో ఆల్బం చేద్దాం. ఫోన్లల్లో విన్నారంటే మళ్లా మిమ్మల్నే పిలుస్తారు" అన్నాడు.

రికార్డింగుకు గుడ్డల అంగడి పైన ఒక గది. గోడలకు పరుపులు కొట్టారు, కిటికీ లేదు. చప్పుడు పడుతుందని ఫ్యాను ఆపేశారు, కాలు కదిపితే చప్పుడని చెప్పులు విప్పించారు. మున్వర్ చెవుల్లో టిక్కు టిక్కుమని ఒక శబ్దం పెట్టి, దాని వెంటే వాయించమన్నారు. గుర్రం నడకను బట్టి వాయించినవాడికి అదొక సంకెల. ఊపిరాడక, చెమటలు కారి, ఎలాగో చివరికి పాట దారిలో పడింది. అందరూ కళ్లు మూసుకుని వాయిస్తున్నారు. ఉన్నట్టుండి అందరూ ఒక్కసారే ఆపేశారు. నాగేంద్ర కట్టె గాల్లో ఉంది.

ఉమైర్ చెవుల్లో తీగలు పీకి చూసుకున్నాడు. "ఏందప్పా, కరెంటు పోయిందనుకుంటి! ఎందుకు ఆపినారు?"

"మసీదు వచ్చె గదరా" అన్నాడు నాగేంద్ర.

"ఈడ యాడుంది మసీదు? కింద గుడ్డలంగడుంది." ఉమైర్‌కు నవ్వాగలేదు. "మామూ, అంతసేపు ఉలుకూ పలుకూ లేకుంటే పాట అయిపోయిందని వినేటోడు వేరేది పెట్టుకుంటాడు. ఆడ నింపాల. నువ్వే ఏదన్నా వాయించు."

"మిగతాదంతా నీ ఇష్టంరా. అదొక్కటి వదిలెయ్."

"అదొక్కటి వదిలితే ఎవుడూ వినడు మామూ."

మున్వర్ నాగేంద్ర వైపు చూశాడు. నాగేంద్ర తల వంచుకున్నాడు. "గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలప్పా. మళ్లా ఆ కోటు తొడుక్కోవాలని నాకు శానా ఉండాది" అన్నాడు.

మున్వర్‌కు ముందు నుయ్యి, వెనక గొయ్యి. కాదంటే వీళ్లందరి నోటి దగ్గర కూడు లాగినట్టు, అవునంటే తన పాటను తానే కోసుకున్నట్టు. తలుపు వైపు చూస్తే దానికీ పరుపు కొట్టి ఉంది. మసీదు లేనిచోట వాయిస్తే తప్పేముందని మనసుకు చెప్పుకుని, క్లారినెట్టు ఎత్తి ఆ ఖాళీ అంతా నింపేశాడు. బాగా వాయించాడు కూడా. దాన్నే తలుచుకుని ఇప్పటికీ కుమిలిపోతాడు.

పాట బయటికొచ్చిన రోజు ఇంట్లో భార్య జైబున్నీసా ఫోన్లో అంతా విని, "మసీదు యాడికి పోయింది?" అని అడిగింది. తెల్లారి మున్వర్ ఆ నింపింది తీసెయ్యమని ఉమైర్ దగ్గరికి పరుగెత్తాడు.

"ఊరందరి ఫోన్లల్లోకి పోయింది మామూ. ఇంక యాడని పట్టుకొస్తాం?" అన్నాడు వాడు.

పాట అందరికీ నచ్చింది. బ్యాండును మాత్రం ఎవరూ పిలవలేదు. గుల్షన్ పాట పెన్‌డ్రైవులో ఉంటే గుల్షన్‌వాళ్లకు అన్నం పెట్టడం దేనికి? డీజే బండివాళ్లే దాన్ని పెట్టుకున్నారు.

మొన్న సాయంత్రం సంగతి మున్వరే నాకు చెప్పాడు. మా వీధి మసీదులో మగ్రిబ్ నమాజుకు నిలబడ్డాడు. దూరంగా పెద్దపాట వినిపించింది. తన ఊపిరే, నాగేంద్ర దెబ్బే. గోడ దగ్గరికి వస్తోంది, ఇప్పుడు ఆగుతుందిలే అనుకున్నాడట, అన్నీ మరిచిపోయి. ఆగలేదు. నమాజు నడుమ పక్కకు తిరగరాదు, బయటికి పోరాదు. సజ్దాలో నుదురు నేలకు ఆనిస్తే నేల అదురుతోంది. తన క్లారినెట్టే గోడ పొడుగునా మోగుకుంటూ పోయింది.

నమాజు ముగిశాక పక్కనున్న ముసలాయన తల అడ్డంగా ఊపాడు. "చూస్తివా మున్వర్? ఎవుడో గానీ అచ్చం నీ మాదిరే వాయిస్తాండాడు. ఏం లాభం, ఈడ ఆపాలని తెలీదు. నువ్వయితే ఆపుతాంటివి."

"వాయించింది నేనే చిచ్చా."

ముసలాయన నవ్వి మున్వర్ భుజం తట్టాడు.

"నువ్వు నా పక్కనే ఉంటివి గదప్పా!"