ఓబులేసు చేసిన మూడు డబ్బాలు

ఇంటిముందు దిష్టి గుమ్మడికాయకు మేకు కొట్టమంటే, కొట్టి, దానికి క్యాలెండరు తగిలించిన మనిషిని నేను. దెయ్యాలను మర్యాదకైనా నమ్మింది లేదు. బీఎస్సీ ఫిజిక్సు చదివాను. ఉద్యోగానికి పనికిరాకపోయినా, దేన్నీ నమ్మకుండా ఉండటానికి ఆ చదువు బాగానే పనికొచ్చింది.

కార్లలో ఇంకా సీడీలు తిరుగుతున్న రోజులు. కర్నూలులో నంద్యాల రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డులో నేనూ, నా స్నేహితుడు ఓబులేసూ కార్లకు పాటల సెట్లు బిగించేవాళ్ళం. వైర్లూ లెక్కలూ నావి. దడదడలాడించే పెద్ద స్పీకరు, అదే సబ్ వూఫర్, కూర్చునే ఫైబర్ డబ్బా అతనిది. చెక్క రింగు మీద గుడ్డ లాగి బిగించి, రెజిన్ పూసి, అది గట్టిపడ్డాక గాజుపీచు పొరలు అతికిస్తే, డిక్కీ మూల వంపుకు సరిగ్గా సరిపోయే డబ్బా వస్తుంది. అంటే, ఓబులేసు చేస్తే వస్తుంది. నేను ఒకటి చేశాను. చూసినవాళ్ళు అది ఏమిటని అడిగారు.

బేతంచెర్ల బండల ఫ్యాక్టరీ ఆసామి ఒకాయన కారు తెచ్చాడు. డబ్బా బాగా కుదిరితే, కొత్త బస్టాండు దగ్గర తన గదిలో సొంత షాపు పెట్టుకోమని ఓబులేసుతో అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. తాగేసిన టీ గ్లాసు నా చేతికిచ్చాడు.

డబ్బాలో ఎంత గాలి పట్టాలో నేను మూడు పేజీల లెక్క వేశాను. ఓబులేసు ఆ కాగితాలు ముట్టుకోకుండా కంటి అంచనాతో చేసేసి, ఎండాక వేరుశనగ గింజలు పోసి లీటరు చెంబుతో కొలిచాడు. గుప్పెడు గింజలు తేడా.

"నీ లెక్క శానా కరెక్టుగా ఉండాదే!" అని నన్ను మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలును నేను ఇంకా క్షమించలేదు.

అప్పుడు డబ్బాను తీరిగ్గా చూశాను. ఎడమ పై అంచు నుంచి రింగు దాకా ఆ వంపు వెంట నా చూపు జారింది. వీడు ఇంత బాగా చేయకపోతే ఏం, అనిపించింది. చింతకాయ విరిగినట్టు టప్‌మని చప్పుడైంది. ఎడమ పై అంచు నుంచి రింగు దాకా పగులు.

రెజిన్ గట్టిపడటానికి కలిపే హార్డెనర్ ఎక్కువై ఉంటుందన్నాను. మా ఎండలకు అది కాస్త ఎక్కువైనా రెజిన్ పొగలు కక్కుతుంది, డబ్బా పెళుసవుతుంది. అందుకని రెండోసారి పొద్దున్నే, చల్లపూట, హార్డెనర్‌ను సిరంజితో నేనే కొలిచిచ్చాను. సరిగ్గానే కొలిచాను. ఎవరూ అడగకపోయినా ఈ మాట చెబుతుంటాను.

డబ్బా పూర్తికాకముందే ఎర్రగుంట్లలో ఒక పెళ్ళికి వెళ్ళి మూడోరోజు తిరిగొచ్చాను. ఈలోగా అందరూ డబ్బాను చూశారు, గుద్దారు. ఎనభై కిలోలకు తగ్గని ఓబులేసు బావమరిది దానిమీదెక్కి నిలబడ్డాడు. ఏమీ కాలేదు.

నేను షెడ్డు గుమ్మంలోనే ఆగాను. పది అడుగుల దూరం. చేతులు జేబుల్లో ఉన్నాయి.

"రాప్పా, ఈ తూరి సుత్తితో కొట్టినా పగల్దు. సూడు!" అన్నాడు ఓబులేసు.

చూశాను. మొదటిదానికన్నా బాగుంది. బస్టాండు దగ్గర అతని పేరుతో బోర్డు కూడా కళ్ళముందు కనిపించింది. టప్.

ఈసారి పగులు చిటపటమంటూ పాకడం చూశాను. భయపడి చూపు కుడికి తిప్పాను. అదీ కుడికి తిరిగింది. కళ్ళు మూసుకున్నాను. చప్పుడు ఆగింది.

ఓబులేసు వాళ్ళమ్మ వచ్చి, షెడ్డులో ఉన్న ఒక్కొక్కరి కాళ్ళకింది మట్టి తీసి, ఎవరి మట్టికి వాళ్ళదిగా ఉప్పూ ఎండుమిరపకాయలూ కలిపి డబ్బాకు దిష్టి తీసి, విడివిడిగా నిప్పుల్లో వేసింది. బావమరిది మట్టికి అందరం కళ్ళనీళ్ళు కారేలా దగ్గాం. నా మట్టికి మిరపకాయలు నల్లగా మాడాయి గానీ ఒక్కరూ దగ్గలేదు. దిష్టి ఉంటే ఘాటు రాదంటారు.

"మిరపకాయలు పాతవేమో పెద్దమ్మా," అన్నాను.

"అన్నీ ఒగే పొట్లంలోవి నాయనా."

"ఊరుకోమ్మా, సదువుకున్నోడు. ఆయప్పకు దిష్టేంది?" అన్నాడు ఓబులేసు, నావైపు చూడకుండా.

ఆసామి ఇంకొక్క వారం గడువిచ్చాడు. కుదరకపోతే కారు వేరేచోటికి పోతుంది, గది కూడా.

"మల్లా చేస్తాండా. రేపు సిరంజి కొలిచేకి వస్తావు గదా?" అన్నాడు ఓబులేసు. రావద్దని అతను అనలేడు. అంటే బాగుండేది.

"కడపలో పనుండాది," అన్నాను.

"ఏం పనప్పా?"

"ఉండాదిలే."

ఏ పనీ లేదు. ఆ లేని పనికి వెళ్ళినవాణ్ణి అక్కడే ట్యూషన్లలో ఫిజిక్సు చెప్పుకుంటూ ఉండిపోయాను.

మూడో డబ్బా పగల్లేదు. షాపు పెట్టాడు. ఫైబరు పగలడానికి పది కారణాలు బోర్డు మీద రాసి చూపగలను. నేను చూపు తిప్పితే పగులెందుకు తిరిగిందో మాత్రం ఈనాటికీ తెలియదు.

"ఒగసారి షాపుకు రాప్పా, సూద్దువు," అని ఓబులేసు ఇప్పటికీ ఫోను చేస్తాడు. చేతిపని ఇంకా పదునెక్కిందని చూసినవాళ్ళంతా అంటారు.

అందుకే వెళ్ళలేదు.