తల్లికి కట్టిన చిక్కం

పోయిన వారం ఒకనాడు పొద్దున్నే, అత్తిముగంలో మా ఇంటి పంచలో, మా అత్త పోయింది. వచ్చినవాళ్లంతా మంచి చావు అన్నారు. నాకు ఆ మాట మింగుడుపడలేదు. నా బిడ్డను నాకు దక్కించిన మనిషి పోతే అందులో మంచేముంది?

పదేళ్ల కిందటి మాట. నా కూతురు నెలల పిల్లగా ఉన్నప్పుడు నాకు టీబీ అని తేలింది. ఆ రోజే మా అత్త బిడ్డను నా ఒడిలోంచి తీసేసుకుంది. మేకలు కాసే మనిషి కదా! తల్లిమేకకు జబ్బు చేస్తే పిల్లను విడదీయడం ఆమెకు తెలిసిన వైద్యం. అదే నా మీద ప్రయోగించి, బిడ్డకు మేకపాలు పట్టింది. బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయి. ఏడ్చే ఓపిక కూడా లేకుండా పోయింది. నా పాలు రవికె తడిపేస్తుంటే నేను గోడకు ఇవతల కూర్చుని ఏడ్చాను.

చివరికి మా ఇద్దరినీ తీసుకుని ఆమే హోసూరు బస్సెక్కింది. అక్కడి డాక్టరమ్మ బిడ్డకు వైద్యం మొదలుపెట్టి, మా అత్తకు విడమరిచి చెప్పింది.

"జబ్బు పాలల్లో లేదమ్మా, దగ్గులో ఉండాది. తల్లి మందు మానకూడదు. ముక్కూ నోరూ మూసుకొని పాలియ్యల్ల. బిడ్డకీ మందు రాస్తాను, అదీ ఆపకూడదు."

మేకపిల్ల పాలన్నీ తాగేయకుండా దాని మూతికి చిక్కం కట్టడం మా ఇళ్లలో మామూలే. మా అత్త, "అయితే చిక్కం పిల్లకి గాదు, తల్లికి కట్టల్ల" అంది. డాక్టరమ్మ నవ్వేసింది.

ఇంటికి రాగానే పాత నూలు చీర చించి, మడతలు వేసి, నాకు చిక్కాలు కుట్టింది. రోజూ ఉతికి ఎండలో ఆరేసేది. అయినా ధైర్యం చాలక, నా దగ్గు తగ్గేదాకా నా పాలే పిండించి, ఉడకబెట్టిన ఉగ్గుగిన్నెతో తానే పట్టింది. డాక్టరమ్మ సరేనన్నాకే బిడ్డ నా ఒడికి వచ్చింది.

"టీబీ పాలు యాడన్నా తాపుతారా అక్కా?" అని పక్కింటామె చెవి కొరికితే, మా అత్త ఊరంతా వినేలా అరిచింది.

"డాక్టరమ్మ చెప్పింది నేను ఇన్నాను. నువ్వు ఇన్నావా? ఇనకుంటే గమ్మునుండు!"

మాత్ర మింగి నేను నోరు తెరిచి చూపిస్తేగానీ నా ముందు నుంచి కదిలేది కాదు. నాకు బాగైపోయింది కదత్తా అంటే, "నీకి బాగయ్యింది సరే, మందు అయిపోయిందా?" అనేది. ఆ మొండితనం మీద నాకు ఎంత కోపం వచ్చేదో, ఇప్పుడు అంత ప్రేమగా ఉంది.

తన పొరపాటును మాత్రం ఎన్నడూ దాచలేదు. బాలింత ఎక్కడ కనిపించినా, "మేకపాలు పట్టి నా మనవరాల్ని నేనే సంపుతా ఉంటిని. మీరట్ల చేయొద్దండమ్మా" అని చెప్పేది.

ఈ చలికాలంలో ఆమెకే దగ్గు పట్టుకుంది. టీబీ కాదని డాక్టరు పరీక్షలు చేసి చెప్పినా వినలేదు. మనవరాలు గంజి తెస్తే చిక్కం కట్టుకునే కూర్చునేది.

"తీసెయ్ అవ్వా, నీకి టీబీ లేదంట గదా!"

"దగ్గు ఉండాది గదమ్మా. నువ్వు అట్ల తిరుక్కో, నేను తాగుతాను."

నా కూతురు గిన్నె చాచి, ముఖం గోడవైపు తిప్పుకునేది. అవ్వ చిక్కం ఎత్తి, తాగి, మళ్లీ కట్టుకుని "ఊ" అనేది. అప్పుడే ఇటు తిరగాలి.

ఆ రోజు పొద్దున కూడా నా కూతురు గిన్నె చాచి గోడవైపు తిరిగింది. "ఊ" కోసం చాలాసేపు అలాగే నిలబడింది.