సోమమ్మ తలె, గంటె

సోమమ్మను ఆ ఊళ్లో పెండ్లికి ఎవరూ పిలిచేవారు కాదు. మొగుడు పోయిన మనిషని కాదు. అలాంటివాళ్లు కురుమవాడలో ఇంకా ఉన్నారు, పీటల దగ్గరికి కాకపోయినా బంతిలో కూర్చోవడానికైనా వాళ్లకు పిలుపు అందేది. సోమమ్మకు అదీ లేదు. ఆమె వస్తే చేతిలో కంచుతలె, అంటే కంచు పళ్లెం, వస్తుంది, తలె వెంట ఇనుప గంటె వస్తుంది. పందిట్లో ఎవరైనా దగ్గారా, తలె మీద గంటె ఠంగుమంటుంది. ఫలానావాళ్లకు దగ్గు పట్టిందని ఊరు ఊరంతా చాటింపు. పిలవనందుకు సోమమ్మ ఎన్నడూ ఎవర్నీ ఒక్క మాట అనలేదు. పందిరి బయట నిలబడి, లోపల ఎవరు దగ్గుతారా అని చెవి ఒగ్గి వినేది.

భువనగిరికి బండి దారిలో ఉన్న ఆ ఊళ్లో పిల్లలకు మాటల కంటే ముందు దగ్గు ఆపుకోవడం వచ్చేది. ఓసారి కల్లు దుకాణంలో పచ్చిమిరపకాయ కొరికిన ఐలేశం, కళ్లు ఎర్రబడి, జొన్నచేలోకి ఉరికి, గట్టు చాటున కసితీరా దగ్గి, మీసం తుడుచుకొని తిరిగొచ్చాడు. కూర్చునేలోగానే తలె మోగింది.

"మిర్పకాయనే సోమక్కా, నీ కాల్మొక్కుత."

"మిర్పకాయకు దగ్గినోడు గట్టు సాటుకెందుకు పోతడు? ఏదీ, నాలిక సాపు."

ఐలేశం అందరి ముందూ నాలుక చాపాడు. సోమమ్మ దూరం నుంచే చూసి, సరేనని గంటె దించింది. ఆ పూట కల్లు ఎవరికీ ఎక్కలేదు.

దొరను కూడా వదల్లేదు. గడీ అరుగు మీద దొర దగ్గితే గేటు ముందు నిలబడి కొట్టింది. పొద్దు వాలేదాకా ఆమెను వంగబెట్టి వీపు మీద రాయి పెట్టించాడు దొర. రాయి దింపాక నడుము పట్టుకొని మెల్లగా లేచి, సోమమ్మ గుమాస్తాను అడిగిన మొదటి మాట ఇది: "దొర దగ్గు తగ్గిందా?"

అయితే ఆ తలె దెబ్బ అందరికంటే గట్టిగా తగిలినవాడు కాటమయ్య. అదే వాడవాడు, మందలు కాచేవాడు. యాదగిరిగుట్ట అవతలి నుంచి పిల్ల తండ్రి సంబంధం చూడ వచ్చిన రోజున ఖర్మకాలి కాటమయ్యకు పడిశం. దగ్గు బయటికి రాకుండా పళ్లు బిగించి కూర్చున్నాడు.

"గొర్లెన్నున్నయి పిలగా?"

కాటమయ్య తల ఊపాడు.

"తల ఊపితె ఎన్నని? ఏమమ్మా, పిల్లగానికి మాటలొస్తయా రావా?"

"వస్తయి మామా" అన్నాడు కాటమయ్య తప్పనిసరై. మామాలో మొదటి మా బాగానే వచ్చింది. రెండోది దగ్గయిపోయింది. ఆ దగ్గు గడప దాటకముందే వీధిలో తలె మోగింది.

"కాటమయ్యకు దగ్గు పట్టింది. చెంబులు వేరు పెట్టుండ్రి."

చుట్టాలు తాగబోతున్న చెంబు కిందపెట్టి చెప్పులు వెతుక్కున్నారు. ఆ పడిశం జ్వరమైంది. మంచం మీద పడున్నన్నాళ్లూ కాటమయ్యకు పూటపూటా వేడివేడి జొన్నజావ అందేది. వాము, ఎల్లిపాయ దంచి వేసిన జావ. "మీ మేనత్త పంపింది, తాగు" అనేది తల్లి. కాటమయ్య జావ తాగేవాడు, వచ్చిన బలంతో సోమమ్మను తిట్టేవాడు.

తర్వాత అతను దొరల మీద తిరగబడ్డ సంగంలో చేరాడు. పిల్ల దొరకక చేరాడని ఊళ్లో నవ్వుకున్నారు గాని అది నిజం కాదు. గడీకి పొట్టేళ్లను ఊరికే తోలి, గొంగళ్లను ఊరికే నేసిచ్చి, ఆ వెట్టితో ప్రాణం విసిగి చేరాడు. పోలీసుల కంట పడకుండా గుట్టల్లో దళంతో తిరిగాడు. రాజ్యాన్ని మార్చిన పోలీసు చర్య ఇంకా జరగలేదు. ఆ చలికాలంలో దళంలో ఒకరి తర్వాత ఒకరికి జ్వరం తగులుకుంది. కాటమయ్యను కొండ దించి, కురుమవాడలోనే అతని అక్క జానమ్మ ఇంట్లో దాచారు.

పోలీసుల భయం అలా ఉంచి, వాడను ముందుగా పట్టుకున్న భయం సోమమ్మ. జానమ్మ ఇంటికి ఆమె ఇల్లు గోడకు గోడ. చాటుగా సంగానికి పెద్దయిన ఐలేశమే రాయబారం వెళ్లాడు.

"సోమక్కా, గుట్టకు పొయ్యి నర్సిమ్మసామిని చూసి రారాదు? బండి కట్టిస్త."

"నర్సిమ్మసామి యాడికి పోతడు? ఆడనే ఉంటడు. దగ్గు ఆడ ఉండదు, ఇంటింటికి తిరుగుతది. జానమ్మ ఇంట్ల ఎవలు దగ్గుతున్నరు?"

"ఎవలు లేరు. మేక."

"మేక గొంగడి నోట్ల కుక్కుకొని దగ్గుతదా?"

నిజంగానే లోపల కాటమయ్య గొంగడి అంచు నోట్లో కుక్కుకొని ఉన్నాడు.

సోమమ్మ వచ్చి జానమ్మ గడప బయట కూర్చుంది. తలె ఒళ్లో ఉంది. జానమ్మ ఆ తలెను రెండు చేతులా పట్టుకుంది. "అత్తా, నువ్వు గిది కొడితె మా తమ్ముని పానం పోతది."

"కొట్టకుంటె వాడంత పోతది బిడ్డా."

తలుపు వెనుక కాటమయ్య ఊపిరి బిగబట్టాడు. సోమమ్మ ఒళ్లో తలె వైపు తల వంచింది. ఎవరితోనూ కాక, తలెతో చెబుతున్నట్టు చెప్పింది.

"పెద్దజరం వచ్చిన ఏట గడీల పెండ్లి. బొంబాయి బండి దిగొచ్చిన చుట్టాలు అప్పటికే దగ్గుతున్నరంట. పెండ్లి చెడిపోతదని దొర అందరి నోళ్లు మూపిచ్చిండు. మా ఆయన పొట్టేళ్లను తోలుకపొయ్యి పెండ్లయ్యెదాక ఆడనే ఎట్టి చేసిండు. ఇంటికి దగ్గు తెచ్చిండు. ఇద్దరం పడిపోయినం. నీళ్లకుండ గా మూలకు, మేము గీ మూలకు. దూపయితాందే అన్నడు. నేను లేవలేకపోయిన. ఆయన జరంతోని పోలె బిడ్డా, దూపతోని పోయిండు. వాడంత గట్లనే పండుకుంటె ఎవలొస్తరు నీళ్లు పొయ్య? గడీల దగ్గు ఉన్నదని ఒక్కలు, ఒక్కలంటె ఒక్కలు ముందే చెప్తె?"

సోమమ్మ చెప్పింది మొదటి ప్రపంచ యుద్ధం చివర లోకమంతా చుట్టిన ఇన్‌ఫ్లుయెంజా సంగతి. అది గడీ గేటు లోపలికి రావడానికీ, బయటికి పోవడానికీ ఎవరి పర్వానా అడగలేదు. దొర నోరు మూయించింది మనుషులకే.

సోమమ్మ లేచి, తలె చంకన పెట్టుకొని వెళ్లిపోయింది. కొడతాననీ అనలేదు, కొట్టననీ అనలేదు.

మర్నాడు పొద్దెక్కాక పోలీసులు వాడను చుట్టుముట్టారు. ఒక్కో ఇల్లూ వెతుక్కుంటూ వస్తున్నారు. కాటమయ్య లేవబోయాడు, కాళ్లు నిలవలేదు. అడుగుల చప్పుడు గడప దగ్గరికి రానే వచ్చింది. సరిగ్గా అప్పుడే తలె మోగింది. అయిపోయింది అనుకున్నాడు కాటమయ్య. నాడు పెండ్లి చెడగొట్టింది, నేడు ప్రాణం తీస్తుంది.

"జానమ్మ ఇంట్ల జరం. అంటుడు జరం. ఎవ్వలు గడప దాటొద్దు."

పోలీసుల పెద్ద, అమీను, ఆగాడు. "ఎవరీ ముసలమ్మ?"

"దగ్గు వినబడితె కొడ్తది సాబ్" అన్నాడు ఐలేశం. "మా దొరకు గూడ కొట్టింది. రాయి మోసింది, మల్ల కొట్టింది. అబద్ధం మాత్రం ఎన్నడు కొట్టలె."

"లోపల ఎవడున్నడు?" అని సోమమ్మను అడిగాడు అమీను.

"జరం వచ్చినోడు."

"వాని పేరేంది?"

"జరానికి పేరుతోని ఏం పని సాబ్? నువ్వే పొయ్యి అడుగు. వాడు నీ మొకం మీద దగ్గుతడు. పెద్దజరం ఏటికి నువ్వు పుట్టినవా?"

అమీను ముఖం మారింది. అప్పటికి చిన్నపిల్లవాడు. "పట్నంల మా గల్లీల జనాజా మొయ్యనీకె మనుషులు దొరకలె" అన్నాడు నెమ్మదిగా. లోపల కాటమయ్య ఇక ఆపుకోలేకపోయాడు. గొంగడిని దాటుకొని, కొండ బండ దొర్లినట్టు ఓ దగ్గు వచ్చింది. అమీను గడప మీద పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు.

ఆ సందట్లో వెనుక వరసలో ఓ జవాను దగ్గాడు. సోమమ్మ తలె చటుక్కున అటు తిరిగింది.

"సర్కారు జవానుకు దగ్గు పట్టింది. వాని చెంబు వేరు పెట్టుండ్రి."

నవ్వాలో వద్దో ఎవరికీ తెలియలేదు. అమీను ఆ జవాన్ను అందరికీ ఎడంగా నడవమన్నాడు. పోలీసులు ఆ సందు విడిచి వెళ్లిపోయారు.

కాసేపటికి జానమ్మ పెరటి గుమ్మం దగ్గరి నుంచి మూత పెట్టిన ముంత తెచ్చింది. కాటమయ్య ఒక గుక్క తాగి ఆగిపోయాడు. వాము, ఎల్లిపాయ.

"మేనత్త వచ్చిందా అక్కా?"

"మేనత్తేంది? సోమత్త పెట్టిపోయింది. ఎప్పటి తీరుగనే."

కాటమయ్య మేనత్త ఊరు షాద్‌నగర్ అవతల. అంత దూరం నుంచి పూటపూటా జావ వేడి చల్లారకుండా ఎలా వచ్చిందో ఇన్నేండ్లలో అతను ఒక్కసారీ ఆలోచించలేదు. తేరుకున్నాక ఐలేశాన్ని అడిగాడు, తల్లినీ అడిగించాడు, వాడలో ఇంటింటినీ కదిపించాడు. ముందు గడపలో తలె మోగిన ప్రతి ఇంటికీ పెరట్లోంచి ముంత వచ్చింది. ఆ గంటెతోనే కలిపి పోసిన జావ. తిట్టిన నోటితోనే తాగామని చెప్పుకోవడానికి సిగ్గుపడి, ప్రతి ఇల్లూ ఆ మాట దాచింది.

జ్వరం నయమై వెళ్లిపోయే ముందు కాటమయ్య పెరటి గోడ మీది నుంచి తొంగిచూశాడు. సోమమ్మ రెండు ముంతలు నింపుతోంది.

"రెండోది ఎవలకు అత్తా?"

"నాడు దగ్గిన జవానుకు, చావడిల ఇడిసిపోయిండ్రు. మంచం పట్టిండంట."

"పోలీసోనికా?"

"మందల ముక్కు కారే గొర్రెను ఎడంగ కట్టేస్తం. మేత బందు పెడ్తమా? ఎడంగ పెట్టుడు వేరు, ఇడిసిపెట్టుడు వేరు. నీ లడాయి నువ్వు కొట్లాడు బిడ్డా, ఎవలొద్దన్నరు? వాని దూప నాకిడువు."

పోలీసు చర్య అయ్యాక, కేసుల నుంచి బయటపడ్డాక కాటమయ్యకు పెండ్లి కుదిరింది. బొట్టుపెట్టి అతను స్వయంగా పిలిచిన మొదటి మనిషి సోమమ్మ. ఆమె కొత్త చీర కట్టి, తలెతో సహా వచ్చి, బంతిలో ముందు వరసలో కూర్చుంది. పొయ్యి పొగ మళ్లి పందిట్లోకి కమ్మింది. పిల్ల తండ్రి దగ్గాడు. చేతుల్లో ముద్దలు చేతుల్లోనే ఆగిపోయాయి. పందిరంతా సోమమ్మ వైపు తిరిగింది. ఆమె గంటె ఎత్తి, తల పక్కకు వంచి, ఇంకో దగ్గు కోసం ఆగి విన్నది.

"పొగ దగ్గు. తినుండ్రి" అని గంటె దించింది.

ఆ మహమ్మారి మీద ఎంత పరిశోధన జరిగినా తిరిగి తిరిగి ఈ వాడ గడపకే వస్తుంది. రోగం కంటే దాన్ని దాచిన నోళ్లు ఎక్కువమందిని చంపుతాయి. మీ ఊళ్లో అంటుజ్వరం వస్తే దాచకండి. దాచేవాళ్లు ఎంత పెద్ద గడీలో ఉన్నా గేటు ముందు నిలబడి అడగండి. జ్వరం ఇంటికి ఎడంగా నడవండి, కాని వెళ్తూ వెళ్తూ ఆ ఇంటి పెరటి గుమ్మం దగ్గర ఓ ముంత పెట్టండి. వాము వెయ్యడం మరిచిపోకండి.