నాలుగు బిందెల ఇల్లు

1983 వేసవి. ధర్మవరంలో ఒక ఆసుపత్రి తరఫున ఇళ్లకు తిరిగి రోగులను చూసే నర్సుగా పనిచేస్తున్నాను. దీన్ని మేము హోమ్ విజిట్ అంటాం. మంచం దిగలేని వాళ్లకు పుండ్లు కడగడం, మందులు సరిగా పడుతున్నాయో లేదో చూడడం, ఇంట్లో వాళ్లకు సేవ నేర్పడం ఆ పని. మా పాపకు అప్పుడు పదినెలలు. దాన్ని పక్కింట్లో వదిలి, దాని గురించే ఆలోచిస్తూ వీధులు తిరిగేదాన్ని. వానలు లేని ఏడాది. కొళాయి నాలుగైదు రోజులకొకసారి వచ్చేది, వచ్చినా కాసేపే. మిగతా రోజుల్లో ఊరి చివర బోరింగే దిక్కు.

నేను చూసే రోగుల్లో చౌడమ్మవ్వకు డెబ్బై దాటాయి. ఏడాదిగా డిమెన్షియా, అంటే జ్ఞాపకం, తెలివి రెండూ మెల్లగా పోయే మెదడు జబ్బు. కొడుకు ఓబులేసు పట్టుచీరలు నేసేవాడు. కోడలు రామక్క ఇంటిపని చూసుకుంటూనే నేతకు పట్టుదారం కండెలకు చుట్టేది. ముగ్గురు పిల్లలు. ఉన్నది ఒకటే గది. అందులో సగం గుంట మగ్గం. నేలలో తవ్విన గుంతలో కాళ్లు దించుకుని నేస్తారు. దానికి మూరెడు దూరంలో అవ్వ మంచం.

మొదటిసారి పోయినప్పుడు అవ్వ కొడుకును గుర్తుపట్టలేదు గానీ, చేయి పట్టుకుంటే నడిచింది, పెట్టింది తినింది. రెండు వారాలకు లేవడమే మానేసింది. పగలంతా మగత. సాయంత్రమైతే గోడ మీద చీమలు పాకుతున్నాయని గోళ్లతో గీరేది.

"పిచ్చి బాగా ముదిరిపోయినాది నర్సమ్మా" అన్నాడు ఓబులేసు.

మా ఆసుపత్రి డాక్టరుగారికి చెప్పాను. ఆయన తలెత్తకుండానే "వయసు, ఇంకేముంటుంది" అని నిద్రమాత్ర రాశారు. నేను మారుమాట్లాడకుండా తీసుకుపోయి, నా చేత్తోనే వేశాను.

మూడోసారి పోయినప్పుడు, ముఖం తుడుద్దామని నా సంచిలోని సీసా నీళ్లతో గుడ్డ తడిపాను. అది పెదవులకు తగిలిందో లేదో, అవ్వ రెండు చేతులతో లాక్కుని చప్పరించడం మొదలుపెట్టింది. ఎంత లాగినా వదల్లేదు. నోరు తెరిపించి చూస్తే నాలుక బెరడులాగా ఉంది. రొమ్ము పైన చర్మం పట్టుకుని వదిలితే మడత అలాగే నిలిచింది. డీహైడ్రేషన్, ఒంట్లో నీరు తగ్గిపోవడం. ముసలివాళ్లకు అది ఉన్న మతిని కూడా చెదరగొడుతుంది, లేనివి కనిపించేలా చేస్తుంది. ఇది నేను చదువుకుని పరీక్ష రాసిన పాఠమే. ముందు వారం మా పాపకు రెండు విరేచనాలైతే గంటకోసారి దాని నాలుక చూశాను. ఈమె నాలుక ఒక్కసారి కూడా చూడలేదు.

"అవ్వకు నీళ్లిస్తాండారా లేదా?"

"పొద్దున ఒక గలాసు. మధ్యాన్నం మీద ఇయ్యం" అంది రామక్క కండె చుట్టుకుంటూనే. "ఇస్తే మంచంలోనే పోసుకుంటాది. పోయిన నెల షావుకారు చీర వాసన చూసి పక్కన పారేసినాడు. ఇంగొకసారి ఇట్లొస్తే పట్టు ఇచ్చేది లేదన్నాడు."

"మనిషిని చంపుతాండారు మీరు."

నా గొంతు వీధిలోకి వినిపించే ఉంటుంది. రామక్క కండె కింద పెట్టింది. నా చేయి పట్టుకుని పొయ్యి దగ్గరికి తీసుకుపోయి బిందెలు చూపించింది.

"నాలుగు. తెల్లారకముందే లేసి, రెండు తూర్లు పోయి, వరసలో నిలబడి తెచ్చినాను. తాగేదానికి ఇవే, వండేదానికి ఇవే. ముగ్గురు బిడ్లకు, ఆయప్పకు, నాకు, ముసలామెకు. ఆమె తడిపిన బొంతలు ఉతికేదానికీ ఇవే. చదువుకున్నదానివి కదమ్మా, నువ్వు పంచు."

నేను పంచలేకపోయాను. అరవాల్సింది ఎవరి మీదనో అప్పుడు తెలిసింది. ఇంత గొడవ జరుగుతున్నా ఓబులేసు నేస్తూనే ఉన్నాడు. అతని వెనక గోడకు ఆనించి సైకిలు.

"ఏమప్పా, సైకిలు మీద రెండు బిందెలు తెచ్చేదానికి నీకేమి?"

అతను నవ్వాడు. "బోరింగు కాడ ఆడోళ్ల మధ్యలో మగోడు బిందె పట్టుకుని నిలబడితే ఏమంటారు నర్సమ్మా? రామక్క మొగునికి చీర కట్టించినాదంటారు."

"దినామూ చీరలోనే కదప్పా నువ్వు ఉండేది."

రామక్క నవ్వు దాచుకోను ముఖం పక్కకు తిప్పుకుంది.

పిల్లల విరేచనాలకు ఇచ్చే ఓఆర్‌ఎస్ పొట్లాలు, ఉప్పూ తీపీ కలిసిన పొడి, నా సంచిలో ఉన్నాయి. నీళ్లలో కలిపి చెంచాతో కొంచెం కొంచెంగా పట్టించాను. గబగబా పోస్తే పొలమారుతుంది. చీకటి పడేదాకా గంటకోసారి తాపమన్నాను, రెండు గంటలకోసారి లేపి మూత్రానికి బయటికి తీసుకుపొమ్మన్నాను. మంచం మీదికి రబ్బరు గుడ్డ తెచ్చిచ్చాను. డాక్టరుగారి దగ్గరికి పోయి నిద్రమాత్ర కొట్టేయించాను. "మీరు నర్సు, డాక్టరు కాదు" అన్నారాయన, కొట్టేస్తూనే.

నాలుగో రోజుకు అవ్వ లేచి కూర్చుంది. చీమలు పోయాయి. జ్ఞాపకం రాలేదు, అది రాదు. కొడుకును ఎవరో బయటి మనిషి అనుకుని దగ్గరికి పిలిచింది.

"ఎవరి బిడ్డవో ఏమో నాయనా. ఈ ఇంట్లో నీళ్లియ్యరు. వంకాయ వరుగు మాదిరి నన్ను ఎండబెట్టినారు. మా ఓబులేసు యాడన్నా కనపడితే చెప్పు. వాడుంటే ఇట్ల కానియ్యడు."

ఓబులేసు ఆ పూట మగ్గంలోకి తిరిగి దిగలేదు.

వారం తర్వాత పోతే సైకిలుకు అటొకటి ఇటొకటి బిందెలు తాడుతో కట్టి ఉన్నాయి. బాగైంది కదా అన్నాను. రామక్క మూతి విరిచింది.

"రెండు దినాలు నవ్వినారంట. మూడో దినం, పాపం మగోడు నిలబడినాడని వరసలో ముందుకు పంపినారంట. పదేండ్లుగా మోస్తాండా, నన్ను ఒక్కనాడు ఎవరూ పంపలేదు."

అవ్వ ఇంకో ఏడాదిన్నర బతికింది. చివరిదాకా కొడుకును గుర్తుపట్టలేదు. కానీ దాహంతో పోలేదు.

నా కోపం మాత్రం ఇప్పటికీ తగ్గలేదు. ఆ ఇంట్లో నిజం చెప్పగలిగింది మతి లేని మనిషి ఒక్కతే. ఆమె గుడ్డ చప్పరించి చెప్పేదాకా మాలో ఎవరికీ అర్థం కాలేదు. డాక్టరుకు అవ్వ వయసు అడ్డం వచ్చింది, కొడుక్కి మగతనం అడ్డం వచ్చింది, నాకు డాక్టరు రాసిన చీటీ అడ్డం వచ్చింది. కోడలిని తిట్టడానికి మాత్రం నాకేదీ అడ్డం రాలేదు.

ఇప్పుడు మతి తప్పినవాళ్ల ఇంటికి పోతే ముందు నాలుక చూస్తాను. తర్వాత, ఈ ఇంటికి నీళ్లు ఎవరు మోస్తారని అడుగుతాను. మగవాళ్లు నవ్వుతారు. ఆ నవ్వు ఆగేదాకా అక్కడే నిలబడతాను. జవాబు వచ్చేదాకా ఆ ఇంటి గడప దాటి బయటికి రాను.